గాలిమర కింద గాలం

నీళ్ళలో గట్టి వస్తువేదైనా మునిగితే దాని చుట్టూ చేప చేరుతుందని గాలం పట్టినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. ఓడ మునిగిన చోటు తెలిస్తే ఆ గుర్తు కన్నకొడుక్కి కూడా చెప్పని ముసలివాళ్ళు ఏ తీరంలోనైనా ఉంటారు. సముద్రంలో గాలిమరలు పాతడం మొదలయ్యాక శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి లెక్కలు కట్టి తేల్చిందీ ఇంచుమించు ఇదే. అయితే అక్కడ చేరిన చేప ఎవరి గాలానికి అందాలన్నది మాత్రం ఒక్కో ప్రభుత్వం ఒక్కో రకంగా తేల్చింది.

మొదటి మరలు 1991లో డెన్మార్క్‌లో, లోలాండ్ దీవి ఒడ్డున విండెబీ దగ్గర లేచాయి. మొత్తం 11. ఒక్కోటి 450 కిలోవాట్లు. ఇప్పటివాటి పక్కన పెడితే బొమ్మల్లా ఉంటాయి. చేపల సంగతి గట్టిగా పట్టించుకున్నది ఆ తరవాత పదేళ్ళకి, అదే దేశపు పడమటి తీరంలో హార్న్స్ రెవ్ అనే మరల క్షేత్రం కట్టినప్పుడు. 2002లో అక్కడ 80 మరలు నిలబెట్టారు. కిందంతా ఇసుక. ప్రవాహానికి ఇసుక కోసుకుపోకుండా ప్రతి కాలి చుట్టూ రాళ్ళు పోశారు. ఏడేళ్ళ తరవాత చూస్తే, రాతినేలని ఇష్టపడే చేపలు ఆ రాళ్ళ సందుల్లో కాపురాలు పెట్టాయి. ఇసుకలో బతికే చేపలకి పెద్దగా నష్టమూ కనబడలేదు.

బెల్జియం కథ ఇంకా చిత్రం. థార్న్‌టన్ బ్యాంక్ అనే సముద్రపు ఇసుకమేట మీద 2008లో దింపిన కాంక్రీటు పునాదుల దగ్గర కాడ్, పౌటింగ్ చేపలు గుంపులు కట్టాయని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. కానీ అక్కడికి బయటి పడవలు పోకూడదు. గాలం వేసేవాడికి అది అద్దం వెనక మిఠాయి కొట్టు. నెదర్లాండ్స్ కూడా మొదట అలాగే తలుపులు మూసింది. 2018లో కొన్ని క్షేత్రాల్లోకి 24 మీటర్లలోపు పడవల్ని, పగటిపూట, మరలకి 50 మీటర్లు ఎడంగా ఉండాలన్న షరతు మీద రానిచ్చింది. బ్రిటన్‌లో కట్టేటప్పుడు దూరంగా ఉంచుతారు. మర తిరగడం మొదలయ్యాక దారి దాదాపు తెరిచే ఉంటుంది.

అసలు ముచ్చట అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రానిది. బ్లాక్ ఐలండ్‌కి అంతకుముందు డీజిల్ జనరేటర్లే దిక్కు. 2015లో దాని దగ్గర సముద్రంలో పునాదులు దింపారు. 2016 డిసెంబరులో కరెంటు మొదలైంది. అయిదంటే అయిదే మరలు, 30 మెగావాట్లు. ఒక్కో మరకి నాలుగు ఉక్కు కాళ్ళు, వాటి మధ్య అడ్డ కమ్మీలు. నీళ్ళలో నిలబెట్టిన పెద్ద మంచెలా ఉంటుంది. పడవలు దగ్గరికి రాకుండా ఆపే నిషేధం లేదు. ఇంకేముంది, సెలవురోజొస్తే పడవలు బారులు తీరాయి.

అక్కడ వేట తీరు ఇలా ఉంటుంది. ప్రవాహానికి ఎగువన ఇంజను ఆపితే పడవ తనంతట తానే మర కాళ్ళ వైపు జారుతుంది. సీసం గుండు అడుగు తాకగానే దారం కాస్త పైకి లాగి ఊపుతూ ఉండాలి. పరధ్యానంగా ఉన్నారా, గాలం చేప నోటికి బదులు ఉక్కుకాలికి తగులుకుంటుంది. దాని మీద దట్టంగా పేరుకున్న ఆలుచిప్పల అంచుకి దారం తెగుతుంది. బాగా పడేది బ్లాక్ సీ బాస్. చాలా వరకు ఆడచేపగా మొదలై తరవాత మగదిగా మారే జీవి ఇది. జతకట్టే కాలంలో మగదాని నెత్తిమీద నీలంగా బొడిపె లేస్తుంది. ఏడేళ్ళు సాగిన ట్రాల్ సర్వేలో కూడా, మరలు వచ్చాక వాటి దగ్గర ఈ చేప ఎక్కువ పడింది. ఆ ఘనత మొత్తం మరలకే కట్టబెట్టలేం. నీళ్ళు వేడెక్కే కొద్దీ ఈ జాతి ఎటూ ఉత్తరానికి జరుగుతూనే ఉంది.

వల మీద బతికేవాళ్ళకి ఈ సంబరం పట్టలేదు. సరదా పడవలు మూగడంతో తాము పక్కకి జరగాల్సొస్తోందని అక్కడివాళ్ళు పరిశోధకులతో చెప్పుకున్నారు. గాలం వేసేవాళ్ళకీ గుబులు లేకపోలేదు. ఆ దగ్గర్లోనే సౌత్ ఫోర్క్ అనే 12 మరల క్షేత్రం 2024లో పూర్తయింది. అది లేచిన కాక్స్ లెడ్జ్ పరిసరాలు కాడ్ గుడ్లు పెట్టే చోటు. పునాది గొట్టాన్ని సుత్తితో దిగ్గొడుతుంటే పుట్టే మోత నీళ్ళలో చాలా దూరం పోతుంది. గాలితిత్తి ఉన్న చేపకి ఆ దెబ్బ ఒంట్లో తగులుతుంది. దాన్ని తగ్గించడానికి గొట్టం చుట్టూ గాలి బుడగల తెర కడతారు. మోత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఇంకో పేచీ అప్పటికీ ఇప్పటికీ తెగలేదు. మర దగ్గర చేప కొత్తగా పుడుతోందా, చుట్టుపక్కలది వచ్చి పోగవుతోందా? పోగవడమే అయితే అది గాలానికి ఎదురొచ్చి నిలబడటమే. పడవలన్నీ అక్కడే మూగితే ఆ జాతికి నష్టం. నా మటుకు నాకు, పడవల్ని రానివ్వని బెల్జియం మొండితనంలో చేపకి కొంత మేలుందనే అనిపిస్తుంది, గాలం పట్టేవాడు నన్ను తిట్టుకున్నా సరే.

మరలకీ ఆయుష్షు ఉంటుంది. అది తీరాక కింది పునాదుల్ని ఏం చెయ్యాలన్నదీ తేల్చుకోవాలి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పనైపోయిన చమురు కట్టడాల్ని చేపల దిబ్బలుగా సముద్రంలోనే వదిలే పథకాన్ని లూసియానా రాష్ట్రం 1986లో మొదలెట్టింది. అక్కడి గాలపు వేటగాళ్ళకి అవే అడ్డాలు. విండెబీ మరలకి ఆ యోగం పట్టలేదు. 2017లో పదకొండింటినీ పీకేసి, కింది కాంక్రీటు దిమ్మల్ని అక్కడికక్కడే పగలగొట్టి ఎత్తుకుపోయారు.