గనికూలీ ఇంటి జాబు

భర్త దూరదేశమునను, భార్య పొలముగట్టునను నిలిచిన సంసారమున కెల్లకాలమును జాబే ఆధారము. 1774లో అమెరికా నాయకుడు జాన్ ఆడమ్స్ ఫిలడెల్ఫియా మహాసభకు పోయి, అచ్చటి రాజకీయములతో బాటు సేద్యపు సంగతులను గూడ బ్రెయిన్‌ట్రీలోని భార్య అబిగెయిల్‌కు వ్రాయుచుండెను. ఆ దంపతుల ఉత్తరములు 1100కు పైబడి నేటికిని భద్రముగా నున్నవి. కోలారు బంగారు గనులలో దిగిన మన కూలీల జాబులకు అట్టి యోగము పట్టలేదు.

కోలారుసీమలోని మారికుప్పము పరిసరముల బంగారమున్నదని జాన్ వారెన్ 1802లోనే కనుగొన్నను, లావెల్ అను మాజీ సైనికుడు 1873లో మైసూరు ప్రభుత్వము ననుమతి కోరువరకు విశేషమేమియు జరుగలేదు. 1880 ప్రాంతమున జాన్ టేలరు కంపెనీ రంగప్రవేశము చేసెను. కాలణా పోస్టుకార్డు వచ్చినది 1879లో. మనియార్డరు ఖజానాల నుండి తపాలాశాఖకు మారినది 1880లో. గనియు మనియార్డరును ఈడుజోడులన్నమాట! 1894లో బౌరింగుపేట నుండి మారికుప్పమునకు రైలుదారి పడగా, వానలు మొగము చాటుచేసిన చిత్తూరు, ఉత్తరార్కాటు సీమల నుండి తెలుగువారును తమిళులును గనులకు చేరుట సులభమయ్యెను.

మనియార్డరు ఫారము అడుగున కూపనని యొక చిన్న తుంట యుండెడిది. చదువురాని కూలీ చెప్పుచుండగా ఎవరో వ్రాసిపెట్టవలెను. ఆ వ్రాయసకాడు "ఉభయకుశలోపరి" అని యారంభించి సగము జాగాను తానే మ్రింగివేయుట కలదు. మిగిలిన రెండు పంక్తులలోనే శిస్తు కట్టవలసిన గడువు, రాగిచేని దుక్కి, కాడెద్దుల బేరము, బావి పూడికతీత అన్నియు ఇముడవలెను. సంక్షిప్తరచన నేర్వగోరువారికి ఇంతకంటె మంచి బడి లేదు. పోస్టుబంట్రోతు వాకిట నిలిచెనన్న, వెనువెంటనే అప్పులవాడును నిలుచుననుట వేరు సంగతి. ఇల్లాలు సాక్షి యెదుట బొటనవ్రేలు సిరాలో ముంచి రసీదుపై అద్దును. ఆ రసీదు మరల పంపినవానికే చేరును గనుక, అక్షరము రాని యామె ప్రత్యుత్తరము ఆ నల్లని ముద్రయే.

అట్టి వేలిముద్రయే 1930లో గనులలో కలహకారణమయ్యెను. కూలీలందరి వేలిముద్రలు గైకొని నమోదు చేయుటకు పూనుకొనగా, దానిని నేరస్థులకు జరుపు అవమానముగా నెంచి వేలాది కార్మికులు పనిమాని సమ్మె కట్టిరి. ఇంటికడ మర్యాదగా వేసిన ముద్రను గనికడ అనుమానముతో నడిగినచో నిరాకరించుట నాకు సహజముగనే తోచుచున్నది. ఆడమ్సునకు వలె, ఇంటికి వ్రాయదగిన రాజకీయమునకు గనికూలీకి గూడ కొదువ లేకపోయెను.

1956లో గనులు మైసూరు ప్రభుత్వపరమై, ఆపై కేంద్రమునకు సంక్రమించి, 2001 ఫిబ్రవరి 28న మూతపడెను. పాత మనియార్డరును తపాలాశాఖ 2015లో ముగించెను. నేడు గనుల ఊరివారు వేలకొలది ప్రాతఃకాలపు రైళ్లలో బెంగుళూరునకు పనికై పోయి, రాత్రికి ఇల్లు చేరుచున్నారు.