నాడీతంతువునకు దారి చూపునదేమి?

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక్కొక్క కణమునుండి వెలువడు సన్నని తంతువు పిండదశలోనే బయలుదేరి, తాను చేరవలసిన చోటికి చేరవలెను. కంటినుండి బయలుదేరినది చూపునకు సంబంధించిన భాగమునకే పోవును గాని, వినికిడికి సంబంధించిన భాగమునకు పోదు. దానికి దారి చూపునదేమి? ఈ ప్రశ్నకు 1892లో ఒక సమాధానము ఊహింపబడెను. ఆ ఊహలోని పదార్థములలో ఒకదానిని శుద్ధిచేసి చూపుటకు 1994వ సంవత్సరము రావలసివచ్చెను. ఒక మంచి ఊహకు నూరేండ్లు పట్టుటకు కారణమేమో విచారింతము.

స్పెయిను దేశీయుడగు శాంటియాగో రమోన్ ఇ కహాల్ 1890లో కోడిపిండముల వెన్నుపామును పలుచని పొరలుగా కోసి, వెండి లవణములతో రంగెక్కించి, సూక్ష్మదర్శినిలో పరీక్షించెను. పెరుగుచున్న తంతువు కొన ఉబ్బియుండుటను చూచి, దానికి వృద్ధిశంకువు అని పేరిడెను. వెన్నుపాములో వీపువైపున పుట్టిన కొన్ని తంతువులు పొట్టవైపున నున్న అడుగుభాగమునకు సాగి, దానిని దాటి రెండవ ప్రక్కకు పోవుచుండెను. తెల్ల రక్తకణములు కొన్ని రసాయనములవైపు ఆకర్షింపబడునని అప్పటికే తెలియును. తంతువులును అట్లే ఏదో పదార్థముచే ఆకర్షింపబడుచుండవచ్చునని కహాల్ 1892లో ప్రతిపాదించెను. అయితే ఆయన చూచినవి నిర్జీవ కణములు. వాటిలో చలనము లేదు; కావున ఊహకు ఋజువు లేదు.

సజీవమైన తంతువు పెరుగుదలను కన్నులార చూచినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు రాస్ హారిసన్. 1907లో ఆయన కప్పపిండమునుండి నాడీకణజాలపు తునకను తీసి, శోషరసపు బొట్టులో నుంచెను. తంతువుల కొనలు అమీబావలె కదలుచు ముందుకు సాగెను. తంతువు కణమునుండియే పెరుగునను విషయము దీనితో స్థిరపడెను. కాని అది ఒక దిక్కునకే ఏల పోవుననునది మిగిలిపోయెను.

ఇచ్చట పాల్ వైస్ అను శాస్త్రజ్ఞుడు వేరొక మార్గము చూపెను. గడ్డకట్టిన ప్లాస్మాను లాగి బిగించినచో అందలి పోగులు ఒకే దిశలో అమరును. తంతువులు ఆ పోగుల వెంబడియే పోవుటను ఆయన 1930 ప్రాంతపు దశకములో చూపెను. కనుక దారి చూపునది రసాయనము కాదనియు, నేల అమరికయే యనియు ఆయన వాదించెను. తంతువు ఎచ్చట చేరినను, పిమ్మట పనిలో సర్దుబాటు జరుగునని ఆయన మతము. ఈ వాదము కొంతకాలము బలముగా చెల్లెను.

దానికి ఎదురుదెబ్బ వైస్ శిష్యుడగు రోజర్ స్పెర్రీ నుండియే తగిలెను. న్యూట్ అనునది బల్లిని పోలిన ఉభయచరము. దాని కంటినాడిని కోసినను మరల పెరుగును. స్పెర్రీ నాడిని కోసి, కనుగ్రుడ్డును 180 డిగ్రీలు త్రిప్పి అమర్చెను. సర్దుబాటు జరుగుట నిజమైనచో చూపు క్రమముగా సరిపడవలెను. కాని సరిపడలేదు. ఎర పైనున్నచో జంతువు క్రిందికి ఎగబడెను; ఎన్నాళ్లకును నేర్చుకొనలేదు. అనగా తంతువులు తమ పాత స్థానములనే వెదకికొని చేరెనన్నమాట. ఈ ఫలితములు 1943లో వెలువడెను. తంతువునకును గమ్యమునకును రసాయనిక గుర్తులుండునని 1963లో స్పెర్రీ స్పష్టముగా ప్రకటించెను.

ఊహకు బలము చేకూరెను గాని పదార్థము దొరకలేదు. పిండములో అది అత్యల్పముగా నుండుటయే ముఖ్య కారణము. 1988లో మార్క్ టెస్సియే-లవీన్, ఆయన సహచరులు కహాల్ చూచిన తంతువుల వంటివానినే ఎలుకపిండములలో ఎన్నుకొనిరి. వెన్నుపామునుండి వీపువైపు తునక నొకదానిని, అడుగుభాగపు తునక నొకదానిని తీసి, కొల్లాజెన్ జెల్లీలో కొంచెము ఎడముగా నుంచిరి. తంతువులు అడుగుభాగమువైపు తిరిగి సాగెను. ఆ జెల్లీలో లాగి బిగించిన పోగులు లేవు. వ్యాపించిన పదార్థమే వాటిని పిలిచియుండవలెను. 1994లో శాన్ ఫ్రాన్సిస్కోలో టిటో సెరఫీని, తిమోతి కెనెడీ మున్నగువారితో కలసి ఆయన వేలకొలది కోడిపిండముల మెదళ్లనుండి రెండు ప్రోటీనులను శుద్ధిచేసెను. వాటికి నెట్రిన్-1, నెట్రిన్-2 అని పేరిడిరి. ఈ పేరు సంస్కృత ‘నేతృ’ శబ్దమునుండి గ్రహింపబడినది. దారి చూపువాడని దాని అర్థము. మన ‘నేత’ పదమునకును అదియే మూలము.

అంతకంటె వింత యొకటి కలదు. సుమారు 1 మిల్లీమీటరు పొడవుగల సీనోరాబ్డిటిస్ ఎలిగాన్స్ అను పురుగులో 302 నాడీకణములే యుండును. దీనిలో తంతువులకు దారి చూపు మూడు జన్యువులను హెడ్జ్‌కాక్, కులోటి, హాల్ అనువారు 1990లో వివరించిరి. వాటిలో అన్క్-6 అను జన్యువు తయారుచేయు ప్రోటీను, కోడిలోని నెట్రిన్ ఒకే వర్గమునకు చెందినవని 1994లో తేలెను. పురుగు, కోడి, మానవుడు ఒకే దారిచూపరిని ఉమ్మడి పూర్వజీవినుండి తెచ్చుకొనిరన్నమాట. మరియు ఒకే నెట్రిన్ కొన్ని తంతువులను ఆకర్షించును, కొన్నింటిని త్రోసివేయును. తంతువు కొనపై నుండు గ్రాహకమును బట్టి ఈ భేదము కలుగును. ఆకర్షణకు కావలసిన గ్రాహకము పేరు డి.సి.సి.

ఇది పురుగులకు, పిండములకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. కొందరు కుడిచేయి కదలించినప్పుడు ఎడమచేయియు తమ ప్రయత్నము లేకయే అట్లే కదలును. అట్టి కొన్ని కుటుంబములలో డి.సి.సి. జన్యువునందు లోపము కలదని 2010లో కనుగొనబడెను. తంతువులు రెండవ ప్రక్కకు సరిగా దాటకుండుటతో ఈ స్థితికి సంబంధము కలదు.

కథ ఇచ్చటితో ముగియలేదు. అడుగుభాగమునుండి నెట్రిన్ దూరమునకు వ్యాపించి తంతువును పిలుచునని పాఠ్యగ్రంథములు చాలకాలము చెప్పెను. 2017లో రెండు పరిశోధక బృందములు చిట్టెలుక పిండములలో అడుగుభాగపు నెట్రిన్‌ను మాత్రమే తొలగించి చూడగా, తంతువులు చాలవరకు సరిగనే సాగెను. దారి పొడవునను గల ఇతర కణములు విడుచు నెట్రిన్ ముఖ్యమని తేలెను. తంతువు దానిని తాకుచు సాగును. అడుగుభాగపు నెట్రిన్‌కును కొంత పాత్ర కలదని తరువాతి పరిశోధనలు చూపెను. పదార్థము దొరకెను, కాని తాకుడుచే దారి తెలియునను వైస్ భావమునకును కొంత చోటు దొరకెను. నెట్రిన్‌తోపాటు సెమాఫోరిన్, స్లిట్, ఎఫ్రిన్ అను వర్గములును తెలియవచ్చినవి. ఇట్టి కొద్దిపాటి గుర్తులతో 8,600 కోట్ల కణముల అమరిక ఎట్లు సాధ్యమగునో కనుగొనుట ఇప్పటి విద్యార్థులకు మిగిలియున్న పని.