కాంపౌండరు కత్తిరించిన కాగితం

మా తాతగారు మిర్యాలగూడలో వైద్యునికి చూపించుకుని వచ్చినప్పుడల్లా తెచ్చుకునే అరకుసీసా నాకు బాగా గుర్తు. సీసాకు ఒక పక్క మెట్లుమెట్లుగా కత్తిరించిన కాగితపు పట్టీ అతికించి ఉండేది. ఒక్కొక్క మెట్టు ఒక్కొక్క మోతాదు. అక్షరజ్ఞానం లేనివారు సైతం పొరబడడానికి వీల్లేని ఏర్పాటు అది. దానిని కత్తిరించినవాడు కాంపౌండరు. అరకు కలిపి సీసాలో పోసి, "పరగడుపున తాగకు పెద్దయ్యా" అని చెప్పి మరీ ఇచ్చేవాడు.

తరువాత కంపెనీల మాత్రలు వచ్చాయి. దుకాణంలో మందు కలిపే పని పోయింది. దానితోపాటే చెప్పే అలవాటూ సన్నగిల్లింది.

నిజానికి చట్టం ఆ మనిషిని మరువలేదు. వైద్యుని చీటీపై ఇచ్చే మందులను రిజిస్టర్డు ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే అమ్మాలని 1945 నాటి ఔషధ నియమాలు నిర్దేశించాయి. 1948లో ఫార్మసీ చట్టం వచ్చి వృత్తికి చదువునూ, రిజిస్ట్రేషన్‌నూ విధించింది. 2008లో ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సు ప్రవేశపెట్టారు, అందులో చివరి ఏడాది ఆసుపత్రి శిక్షణే. 2014 మార్చి నుండి అమలైన హెచ్1 షెడ్యూలు 46 మందుల అమ్మకానికి ప్రత్యేక రిజిస్టరు పెట్టమంది. రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు బాధ్యతేనని 2015 నాటి నిబంధనలు స్పష్టంగా పేర్కొన్నాయి. కోదాడ దగ్గరి అనంతగిరిలో ఫార్మసీ కళాశాల ఉన్నది. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. చదువుకు కొదవ లేదు. మరి దుకాణం గల్లా ముందు ఏం జరుగుతున్నది?

మా ఇంట్లో జరిగినదే చెబుతాను. అమ్మకు చక్కెరవ్యాధి. సూర్యాపేటలో ఒక వైద్యుడు గ్లిమెపిరైడ్ మాత్ర రాశారు. కోదాడలో అక్కయ్య ఇంట ఉండగా మరో వైద్యుడు మరో మాత్ర రాశారు. పేరు వేరు, రంగు వేరు. ఇచ్చిన కుర్రవాడు ఏమీ అడగలేదు. అమ్మ రెండూ వేసుకున్నది. పది రోజుల తరువాత ఒక తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణికి, వంటింట్లో కూలబడింది. అక్కయ్య పంచదార నీళ్ళు తాగించి ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడి మందుల కిటికీ దగ్గర ఒక ఫార్మసిస్టు అమ్మాయి, "ఇంట్లో ఉన్న మందులన్నీ తెండి" అన్నది. బల్లమీద పరచి, కంపెనీ పేర్ల కింద ఉన్న సన్నని అక్షరాలు చదివింది. రెండు అట్టలమీదా ఉన్నది ఒకే మందు! చక్కెరను దించే మందు రెండింతలు పడిందన్నమాట. ఆమె వైద్యునితో మాట్లాడి ఒకటి మాన్పించింది. మిగిలిన అట్టలమీద సూర్యుడూ చంద్రుడూ బొమ్మలు గీసి ఇచ్చింది.

వైద్యులిద్దరూ తప్పు రాయలేదు. ఒకరి చీటీ మరొకరు చూడలేదంతే. రెండు చీటీలూ కలిసే చోటు మందుల దుకాణం ఒక్కటే. అక్కడ అడిగే మనిషి ఉండాలని చట్టాలన్నీ చెప్పినది అందుకే.

ఆ బొమ్మలు చూసినప్పుడు నాకు తాతగారి సీసామీది కాగితపు మెట్లే గుర్తుకొచ్చాయి. అమ్మ ఇప్పుడు ఏ ఊరి వైద్యుని దగ్గరికి వెళ్ళినా మందుల సంచి వెంట తీసుకునే వెళ్తున్నది.