మన రేడియోకు మన చేతి సోల్డరు

1983లో హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు ఎస్. సూరి గారు పునాది వేసిన నాటికి, విదేశీ రిగ్గు (రేడియో సెట్టు) కొనడం మామూలు ఉద్యోగికి అందని మాట. మిలిటరీ వాళ్ళు తీసేసిన పాత సెట్లను విప్పి, కాయిల్స్ తిరిగి చుట్టుకుని గాలిలోకి వచ్చిన తరం అది. 1984లో కేంద్రం వైర్‌లెస్ పరికరాల మీద దిగుమతి సుంకం ఎత్తేశాక రిగ్గులు వచ్చాయి, హ్యామ్‌లు, అంటే అమెచ్యూర్ రేడియో వాళ్ళు, పెరిగారు. నలభై ఏళ్ళు నిండిన మన సంస్థ చరిత్రలో ఆ పాత తరం చేతి పనికి మొదటి పుట దక్కాలని నా కోరిక.

ఎందుకంటే రేడియో అసలు విలువ ఇంట్లో బల్ల మీద కాదు, చేతి పనే ఆదుకోవలసిన ఆపదలో తేలుతుంది. 2004 డిసెంబరులో హ్యామ్ భారతి ప్రసాద్ గారు అండమాన్ వెళ్ళింది ప్రపంచ హ్యామ్‌లతో మాట్లాడే స్టేషన్ పెట్టడానికి. 26న సునామీ వచ్చాక అదే స్టేషన్ పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆత్మీయుల క్షేమ సమాచారం మోసింది. కరెంటు, ఫోను పోయిన చోటికి స్టేషనే కదిలి వెళ్ళాలని ఆ రోజులు మనకు నేర్పాయి.

ఆ పాఠం నేను నా వ్యానులో దిద్దుకున్నాను. వంద వాట్ల రిగ్గు మాట్లాడేటప్పుడు దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది. దారిలో వైరుకు 0.1 ఓమ్ నిరోధం ఉన్నా రెండు వోల్టులు అక్కడే పోతాయి. నేను మొదట డ్యాష్‌బోర్డు వెనక సన్న వైరుకు కలిపాను. నా గొంతు వణుకుతోందని అవతలివాళ్ళు చెప్పేవారు. లావు వైర్లు తిన్నగా బ్యాటరీకి లాగి, రెండింటికీ బ్యాటరీ పక్కనే ఫ్యూజులు పెట్టాక గొంతు నిలబడింది.

తర్వాత రేడియోలో ఈల. యాక్సిలరేటర్ తొక్కితే అదీ పైకి లేచేది. అంటే ఆల్టర్నేటర్ గోల. పాత కోయాక్సియల్ కేబుల్ ఒలిచి, అందులోని రాగి జాలీతో బానెట్‌నూ సైలెన్సర్ గొట్టాన్నీ బాడీకి కలిపాను. పవర్ వైర్లకు ఫెర్రైట్ రింగులు తొడిగాను. ఈల చాలా వరకు అణిగింది.

యాంటెనా అసలు పరీక్ష. 7 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం అంటే పది మీటర్ల పైనే. వ్యాను మీద రెండు మీటర్లకు మించి నిలబెట్టలేం. ఆ లోటు తీర్చడానికి పీవీసీ గొట్టం మీద వైండింగ్ వైరు చుట్టి, క్లిప్పును ఒక్కో చుట్టు జరుపుతూ తిరిగొచ్చే పవర్ చూపే మీటరు ముల్లు దిగేదాకా కూర్చున్నాను. ఆ సాయంత్రం నేర్చుకున్నది ఏ మాన్యువల్‌లోనూ నాకు దొరకలేదు.

సొంత తయారీకి ఉదాహరణగా మన హైదరాబాద్‌లోనే ఫర్హాన్ గారు రూపొందించిన బిట్‌ఎక్స్-20 ట్రాన్సీవర్‌ను చూడండి. కాయిల్స్ చుట్టడానికి కుళాయి వాషర్లు కూడా పనికొచ్చేలా చేశారు. వీధి చివరి దుకాణంలో దొరికే సామానుతో ప్రపంచంతో మాట్లాడవచ్చని చూపించారు.

1977లో దివిసీమ ఉప్పెన చూసిన తీరం మనది. తుపాను మళ్ళీ రాక మానదు. ఆ రోజు రిగ్గు మొరాయిస్తే విప్పి బాగుచేయగల చేయి పక్కనే ఉండాలి. అందుకే సభ్యులందరికీ నా మనవి: ఈ ఏడాది మీ వాహనంలో ఒక్క భాగమైనా సొంతంగా చేసి బిగించండి. పక్కన ఒక పిల్లనో పిల్లాడినో కూర్చోబెట్టుకుని, సోల్డరింగ్ ఐరన్ వాళ్ళ చేతికివ్వండి.