పేరు కొట్టివేసినంత మాత్రాన

నారాయణగూడ ఐపీఎంకు కుక్కకాటు టీకా కోసమో, రక్తపరీక్ష కోసమో వెళ్ళినవారు మనలో చాలామంది. అక్కడికి దగ్గరలోనే, అశోక్‌నగర్‌లోని ఒక కార్యాలయంలో కొన్నేళ్ళ క్రితం ఆరోగ్య శిబిరం జరిపి, యాజమాన్యానికి నివేదిక ఇచ్చాను. అందులో పేర్లు లేవు. విభాగం, వయసు, స్త్రీలా పురుషులా అన్నవి మాత్రమే ఉన్నాయి. లెక్కల విభాగంలో యాభై దాటిన స్త్రీలలో మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవారు ఒకరు అని వ్రాశాను. ఆ విభాగంలో ఆ వయసు స్త్రీ ఉన్నదే ఒక్కరు! మధ్యాహ్న భోజనవేళకే అందరికీ తెలిసిపోయింది. పట్టిక తయారుచేసినవాణ్ణి నేనే.

రోగి పేరు దాచడం మనకు కొత్త కాదు. హెచ్‌ఐవి వ్యాప్తిని అంచనా వేసేందుకు గర్భిణుల నుంచి వేరే పరీక్షకు తీసిన రక్తంలో మిగిలినదాన్ని, ఆనవాళ్ళన్నీ తొలగించి పరీక్షించేవారు. ఫలితం ఎవరిదో ప్రయోగశాలకూ తెలియదు. ఆ తల్లికీ తెలియదు. అదే ఆ పద్ధతిలోని లోపమని నా అభిప్రాయం. 1997లో బొంబాయి హైకోర్టు, హెచ్‌ఐవి ఉందని పని నిరాకరింపబడిన ఒక కార్మికుని వ్యాజ్యంలో అతని పేరును అక్షరాలతో మరుగుపరచింది. పని చేయగలిగినవానికి ఆ కారణంతో ఉద్యోగం నిరాకరించరాదని తీర్పు చెప్పింది. కోర్టులో పేరు మరుగుపరచే ఆ వెసులుబాటు 2017 నాటి హెచ్‌ఐవి చట్టంలోనూ చేరింది.

అయితే పేరు తీసివేస్తే మనిషి మరుగున పడతాడా? అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల బీమా సంస్థ వారి వైద్య వివరాలను పేర్లు తొలగించి పరిశోధకులకు ఇచ్చింది. లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని ఇరవై డాలర్లకు కేంబ్రిడ్జ్ పట్టణపు ఓటర్ల జాబితా కొన్నది. గవర్నర్ విలియం వెల్డ్ పుట్టిన తేదీ ఆ జాబితాలో ఆరుగురికి ఉంది. వారిలో పురుషులు ముగ్గురు. ఆయన పిన్‌కోడ్‌లో ఉన్నది ఆయనొక్కరే. అలా గవర్నరుగారి వైద్య వివరాలు ఆమె చేతికి చిక్కాయి. ఒకే లక్షణాలున్నవారు కనీసం ఇంతమంది ఉంటే తప్ప వివరం వెల్లడించరాదన్న సూత్రం తరువాత ఆమె, పియరాంజెలా సమరాతి చేసిన కృషిలో రూపుదిద్దుకుంది.

అశోక్‌నగర్ అనుభవం తరువాత నా పట్టికల్లో ఐదుగురికి తక్కువైన గడిని ఖాళీగా వదిలాను. అదీ చాలలేదు. మొత్తంలోంచి మిగతా గడులను తీసివేస్తే దాచిన అంకె బయటపడుతుంది. కనుక పక్కనున్న మరో గడినీ మూయవలసి వచ్చింది. చిన్న విభాగాలను కలిపివేశాను. "ఇన్ని ఖాళీలైతే నివేదిక ఎందుకు, డాక్టరుగారూ?" అని ఒక మేనేజరు విసుక్కున్నాడు. గడులు మాత్రం తెరవలేదు.