లైనక్స్ మీద ప్రొఫెసర్ గారి విమర్శ, ఆ తర్వాత కథ



ఈసారి చరిత్ర పోస్టు జోడేఘాట్ గురించీ కాదు, మన్యం గురించీ కాదు. సాఫ్ట్‌వేర్ గురించి. మన గ్రూపులో బీటెక్, బీసీఏ, పాలిటెక్నిక్ చదివేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఒకరు తాము తయారుచేసిన చిన్న యాప్ చూపిస్తారు. ఇంకొకరు "ఇదేం కోడు, ఇదేం డిజైను" అంటారు. మొదటివాళ్లు మళ్లీ ఏమీ చూపించరు. ఇది మన దగ్గరే పుట్టిన జబ్బేం కాదు. ప్రపంచంలో అందరికంటే పెద్ద సాఫ్ట్‌వేర్ పనుల్లో ఒకటి దీనితోనే ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది. ఆ కథ తెలిసి ఉంటే మంచిదని రాస్తున్నాం.

ముందు మన చేతిలో ఉన్న ఫోన్ చూడండి. ఆండ్రాయిడ్ అయితే దాని అడుగున నడిచేది లైనక్స్ కెర్నెల్. కెర్నెల్ అంటే మెమరీ, బ్యాటరీ, కెమెరా, నెట్‌వర్కు అన్నిటికీ పని పంచిపెట్టే మూల భాగం. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లు అన్నీ లైనక్స్ మీదే నడుస్తున్నాయి. ఇంత పెద్దదాన్ని మొదలుపెట్టింది ఒక స్టూడెంటు. ఫిన్లాండ్‌లో హెల్సింకి యూనివర్సిటీలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్. 1991 ఆగస్టు 25న ఆయన, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వాడేవాళ్ల చర్చల్లో ఒక చిన్న ప్రకటన పెట్టాడు. సరదాకి ఒక సిస్టం రాస్తున్నాను, పెద్దదేమీ అవ్వదు, మినిక్స్‌లో మీకు నచ్చినవి, నచ్చనివి చెప్పండి అని దాని సారాంశం. అంటే ఆయన మొదటి రోజే అభిప్రాయం అడిగాడు.

అభిప్రాయం వచ్చింది. అదీ మామూలు మనిషి నుంచి కాదు.

ఆండ్రూ టానెన్‌బామ్ అప్పటికే ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రొఫెసర్. 1987లో మినిక్స్ తయారుచేసింది ఆయనే. దాని గురించి ఆయన రాసిన పుస్తకం చదివే టోర్వాల్డ్స్ ఆపరేటింగ్ సిస్టం లోపలి సంగతులు నేర్చుకున్నాడు. ఒక రకంగా ఏకలవ్యుడి వరస, కాకపోతే ఇక్కడ బొటనవేలు ఎవరూ అడగలేదు. 1992 జనవరి 29న ప్రొఫెసర్ గారు అందరి ముందూ ఒక ఉత్తరం పెట్టారు. దాని శీర్షికే లైనక్స్ కాలం చెల్లినది అని.

ఆయన అన్నవి ప్రధానంగా రెండు మాటలు. ఒకటి, లైనక్స్ మోనోలిథిక్ పద్ధతిలో ఉంది, ఇది వెనకటి పద్ధతి అని. దీన్ని మన ఆశ్రమ పాఠశాల హాస్టల్‌తో పోల్చి చెప్పుకోవచ్చు. వంట, స్టోరు, లెక్కలు, తాళాలు అన్నీ ఒక్క వార్డెన్ చేతిలో ఉంటే పని చకచకా అవుతుంది. ఆయనకు జ్వరం వస్తే హాస్టల్ మొత్తం ఆగిపోతుంది. వంటకు ఒకరు, స్టోరుకు ఒకరు, లెక్కలకు ఒకరు ఉండి వార్డెన్ చిన్న పనే చూసుకుంటే, ఒకరు పడిపోయినా మిగతాది నడుస్తుంది. కానీ ప్రతిదానికీ ఒకరినొకరు అడుగుతూ తిరగాలి. ఈ రెండోదే మైక్రోకెర్నెల్, మినిక్స్ దారి. రెండో మాట, లైనక్స్‌ను ఇంటెల్ 386 ప్రాసెసర్‌కే కట్టేశారు, వేరే యంత్రం మీద నడవదు అని.

రెండూ పని మీద పెట్టిన విమర్శలే. కఠినమైనవే, కానీ న్యాయమైనవి. చెడగొట్టింది వేరే. నువ్వు నా స్టూడెంటువి కాకపోవడం నీ అదృష్టం, ఇట్లాంటి డిజైనుకు మంచి మార్కులు రావు అన్న ధోరణిలో కొద్దిరోజుల్లోనే ఒక దెబ్బ కూడా వేశారు. కెర్నెల్ గురించిన మాట అక్కడ మనిషి గురించిన మాటైంది.

అటు టోర్వాల్డ్స్ జవాబు మొదటి రోజే వచ్చేసింది. దానికి ఇరవై రెండేళ్ల కుర్రాడి వేడి అంతా ఉంది. మినిక్స్‌లోని లోపాలన్నీ ఏకరువు పెట్టాడు. మీ ఉద్యోగమే ప్రొఫెసరు ఉద్యోగం, మినిక్స్ ఇట్లా ఉండటానికి అదొక మంచి సాకు అని ఎత్తిపొడిచాడు. మీరు మినిక్స్‌ను అమ్ముకుంటున్నారు, నేను ఊరికే ఇస్తున్నాను అన్నాడు. చదివినవాళ్లు నవ్వుకుని ఉంటారు. పక్కన కూర్చుని చూసేవాళ్లకు ఎప్పుడూ అది వినోదమే.

ఈ గొడవ గురించి రాసేవాళ్లు చాలామంది ఇక్కడిదాకా చెప్పి, ఎవరు గెలిచారు అనే లెక్కలోకి వెళ్లిపోతారు. మాకు దానికంటే మర్నాడు జరిగింది ముఖ్యం అనిపిస్తుంది. జనవరి 30న టోర్వాల్డ్స్ క్షమాపణ చెప్పాడు. అందులో ఒక చిన్న వాక్యం ఉంది. ఇట్లా కాదు చేయాల్సింది అని స్నేహంగా ఉత్తరం రాసిన ఒక వ్యక్తికి కృతజ్ఞతలు చెప్పాడు. ఆ వ్యక్తి ప్రొఫెసర్ పక్షమో, కుర్రాడి పక్షమో చరిత్రకు పెద్దగా పట్టలేదు. అందరి ముందూ "నీకు సంస్కారం లేదు" అని ఆయన ఇంకో గొడవ పెట్టలేదు. విడిగా, మర్యాదగా ఒక ఉత్తరం రాశాడు. రెండో రోజుకే వేడి తగ్గింది. మన ఊళ్లలో గెట్టు పంచాయతీ జరిగేటప్పుడు గొంతు పెంచినవాణ్ని పక్కకు తీసుకెళ్లి "తమ్మీ, గెట్టు సంగతి మాట్లాడు, వాళ్ల నాయన సంగతి ఎందుకు" అని చెప్పే పెద్దమనిషి ఒకరుంటారు చూడండి, ఆ పని.

మరి విమర్శ సంగతి ఏమైంది? సగం నిజమైంది, సగం కాలేదు. 386 ఐదేళ్లలో పోతుంది అన్న ప్రొఫెసర్ అంచనా తప్పింది. లైనక్స్ ఇప్పటికీ మోనోలిథిక్‌గానే ఉంది. కానీ ఒకే ప్రాసెసర్‌కు కట్టేశారు అన్న మాట వట్టిది కాదు. 1995లో వచ్చిన లైనక్స్ 1.2 ఆల్ఫా, మిప్స్, స్పార్క్ ప్రాసెసర్ల మీద కూడా నడిచింది. ఈ రోజు మన ఫోన్లలో ఉండేవి దాదాపు అన్నీ ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్లే, 386 వంశంవి కావు. లైనక్స్ నిజంగానే 386ను పట్టుకుని వేలాడి ఉంటే మన ఫోన్లోకి వచ్చేదే కాదు.

ఇక 2004. ఒక అమెరికన్ సంస్థకు చెందిన కెన్ బ్రౌన్ అనే ఆయన, ఒక స్టూడెంటు ఒంటరిగా ఇంత రాయలేడు, లైనక్స్ మినిక్స్ నుంచి కాపీ కొట్టిందే అనే అర్థం వచ్చేలా పుస్తకం సిద్ధం చేశాడు. సాక్ష్యం కోసం ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లి టానెన్‌బామ్‌నే కలిశాడు. పగ తీర్చుకోవాలంటే ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. టానెన్‌బామ్ ఏం చేశారో తెలుసా? ఆ మే నెలలో అందరూ చదివేలా రాశారు: లైనక్స్ టోర్వాల్డ్స్ సొంతంగా రాసిందే, నా కోడు దొంగిలించలేదు అని. రెండు కోడ్‌లనూ పక్కపక్కన పెట్టి పోల్చిన మనిషికీ కాపీ దొరకలేదు. అదే సమయంలో ప్రొఫెసర్ తన పాత అభిప్రాయం ఒక్క అంగుళం కూడా మార్చుకోలేదు. మైక్రోకెర్నెలే మేలు అని అప్పుడూ అన్నారు, 2005లో మినిక్స్ 3 తెచ్చినప్పుడూ అన్నారు. డిజైను నచ్చకపోవడం వేరే సంగతి, మనిషి మీద అబద్ధం మోపడం వేరే సంగతి.

"మన పిల్లాడు సొంతంగా రాశాడా, ఎవరో రాసిచ్చారా" అనే మాట మనం ఎన్నిసార్లు విన్నాం! ర్యాంకు వస్తే రిజర్వేషన్ అంటారు, ప్రాజెక్టు బాగుంటే ఇంటర్నెట్‌లోంచి తీశాడంటారు. అట్లాంటప్పుడు మన పనిని అందరికంటే గట్టిగా విమర్శించినవాడే లేచి "అది వాడిదే" అని చెబితే ఆ మాటకు ఎంత బరువుంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడితో ఆపేస్తే కథ తియ్యగా ఉండేది. కానీ టోర్వాల్డ్స్ ఆ తర్వాత ఏళ్ల తరబడి తానే ఆ పాత ప్రొఫెసర్ కంటే కటువుగా తయారయ్యాడు. వేలమంది రాసి పంపే కోడులో ఏది లోపలికి రావాలో చివరి మాట ఆయనదే. తప్పు కనిపిస్తే బూతులు. 2012 డిసెంబరులో ఒక సీనియర్ డెవలపర్‌ను అందరి ముందూ నోరు మూసుకో అని తిట్టాడు. కారణం చూస్తే న్యాయం ఆయన వైపే ఉంది. కెర్నెల్‌లో చేసిన మార్పు వల్ల అప్పటిదాకా బాగా నడిచే ఆడియో ప్రోగ్రాములు చెడిపోయాయి, ఆ డెవలపర్ తప్పు ప్రోగ్రాములదే అన్నాడు. వాడేవాళ్ల పని చెడగొట్టకూడదు అనేది లైనక్స్‌లో గట్టి నియమం. నియమం మంచిది. కానీ ఆ ఉత్తరం చదివినవాళ్లకు గుర్తుండిపోయింది నియమం కంటే ఎక్కువగా తిట్టే.

2013 జులైలో సేజ్ షార్ప్ అనే కెర్నెల్ డెవలపర్ దీన్ని బహిరంగంగా ప్రశ్నించారు. యూఎస్‌బీ 3.0 పరికరాలు లైనక్స్‌లో నడిచే డ్రైవర్ వారు చూసుకునేవారు. కోడును ఎంతైనా తప్పుపట్టండి, మనుషుల్ని తిట్టకండి అన్నది వారి వాదన. టోర్వాల్డ్స్ ఒప్పుకోలేదు. నటించే మర్యాద నాకు రాదు, నేనింతే అన్న ధోరణిలో జవాబిచ్చాడు. 2015 మార్చిలో ఒక చిన్న నియమావళి పెట్టారు, కానీ దానితో పెద్దగా మారింది లేదు. ఆ అక్టోబరులో షార్ప్ తాము కెర్నెల్ పని మానేసిన సంగతి చెప్పారు. పని మీద గౌరవం ఉంటే సరిపోదు, మనిషి మీద కూడా ఉండాలి అన్నది వారి బాధ.

షార్ప్ వెళ్లిపోయిన సంగతి మనకు తెలుసు, ఎందుకంటే వారు రాసి వెళ్లారు. రాయకుండా వెళ్లినవాళ్లు ఎంతమందో ఏ లెక్కలోనూ ఉండదు. తండాలో, గూడెంలో మొదటి కంప్యూటర్ కొన్న ఇంటి పిల్ల తన మొదటి కోడు పంపి, ఒక్క వెక్కిరింపు చూసి ల్యాప్‌టాప్ మూసేస్తే అది ఎక్కడ నమోదవుతుంది? ఇంట్లో ఇంజనీర్లున్న పిల్లలకు "పర్లేదు, అందరినీ అట్లనే అంటారు" అని చెప్పడానికి మామయ్యో అక్కో ఉంటారు. మన వాళ్లలో చాలామందికి ఆ మామయ్య ఉండడు.

2018 సెప్టెంబరు 16న టోర్వాల్డ్స్ దిగొచ్చాడు. లైనక్స్ 4.19 కోసం పెట్టిన వారపు ఉత్తరంలోనే, నా ప్రవర్తన వల్ల బాధపడినవాళ్లకు, దాని వల్ల కెర్నెల్ పనికే దూరమైపోయి ఉండగలవాళ్లకు క్షమాపణ అని రాశాడు. ఎదుటివాళ్ల మనసు అర్థం చేసుకోవడం నేర్చుకోవాలి, కొన్నాళ్లు సెలవు తీసుకుంటున్నా అన్నాడు. కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. మర్యాద నేర్పితే నాణ్యత పోతుంది, చెత్త కోడు లోపలికి వస్తుంది అని అప్పుడు చాలామంది గోల పెట్టారు. అక్టోబరు 22న గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ చేతుల మీదుగా 4.19 విడుదలైంది, టోర్వాల్డ్స్ తిరిగొచ్చాడు. ఆయన ఇప్పటికీ నాసిరకం కోడును తిప్పి పంపుతూనే ఉన్నాడు. ఒకోసారి పాత నోరు బయటికొస్తుంది కూడా. లైనక్స్ మాత్రం కూలిపోలేదు.

మన సంగతికి వస్తాం. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల లిపి, గుంజాల గోండి, 2018 జూన్‌లో యూనికోడ్ 11.0లో చేరింది. అంతకు ఏడాది ముందు మసారం గోండి చేరింది. గూగుల్ నోటో ఫాంట్లలో రెండింటికీ ఫాంట్లు ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఆ లిపి చదవడం రానివాళ్లకు అందులో ఒక గుణింతం తప్పుగా కూర్చుంటే తెలియదు. అది చూసి చెప్పగలిగింది మన పెద్దలు, మన పిల్లలు. అంటే ఈ విషయంలో టానెన్‌బామ్ కుర్చీలో మనమే ఉన్నాం. "మా భాషను ఖరాబు చేశారు" అని రాస్తే చదివేవాడు ఏం సరిచేస్తాడు? ఏ అక్షరం, దానికి ఏ గుర్తు, ఎట్లా రావాలి, ఎట్లా వస్తోంది అని బొమ్మతో పంపితే సరిచేయడానికి దారి ఉంటుంది.

కాబట్టి మీ ఫోన్లో గుంజాల అక్షరం తేడాగా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీయండి. పెద్దవాళ్లెవరితోనైనా సరైన రూపం కాగితం మీద రాయించి దాని ఫోటో కూడా తీయండి. ఏ ఫోను, ఏ యాప్, ఆండ్రాయిడ్ ఎన్నో వెర్షన్ రాయండి. అన్నీ ఇక్కడ పెడితే ఇంగ్లీషులో రాసి పంపే పని మేము చూసుకుంటాం.