ఆపద్ధర్మము – చిత్తూరు సీమ నవల

ఆపత్కాలమున ధర్మము నిలుచునా, చెడునా యను ప్రశ్న మన వాఙ్మయమునకుఁ గ్రొత్తది కాదు. భారతమున శాంతిపర్వమునందలి యాపద్ధర్మ ప్రకరణమున విశ్వామిత్రుని కథ కలదు. త్రేతాద్వాపరముల సంధికాలమునఁ బండ్రెండేండ్లు వాన లేక దేశము పాడువడెను. ఆఁకలిచేఁ గృశించిన యా మహర్షి చండాలుని గుడిసెలోని శునకమాంసమును హరింపఁబోయెను. అప్పుడు వారికి దీర్ఘసంవాదము నడచెను. అందలి విశేషమేమన, ఋషి ప్రాణరక్షణమే ప్రథమధర్మమని వాదింపఁగా, వలదని వారించినవాఁడు గుడిసె యజమానుఁడు. క్షామ మిరువురకు నొక్కటియే. ప్రత్యుత్తరములు మాత్రము రెండు. కావునఁ బరిసరము మనుష్యుని నడవడిని మార్చును గాని, ధర్మనిర్ణయము నంతటిని దానిపై మోపరాదని తేలుచున్నది.

ఈ విషయమును బరీక్షించుటకుఁ జిత్తూరు సీమ తగిన చోటు. స్వర్ణముఖి, బాహుద మొదలగు నేఱులు వానలకుఁ బాఱి వేసవి నింకిపోవునవి. చెఱువు నిండినఁ బంట, ఎండినఁ గఱవు. 1876-78 నాఁటి మహాక్షామము ధాత సంవత్సరమున నారంభమగుటచే జనులు దానిని ధాత కఱవనిరి. నాఁడు చిత్తూరు, తిరుపతి ఉత్తరార్కాటు మండలమునను, మదనపల్లె కడప మండలమునను నుండెను. చిత్తూరు మండలము 1911 ఏప్రిలు 1న నేర్పడెను.

1877లో సర్ రిచర్డు టెంపిలు, సహాయపుఁ బనులు చేయు పురుషుని దినవేతనమును ఒక పౌను ధాన్యమునకును, ఒక అణాకును దగ్గింపించెను. చెన్నరాజధాని పారిశుధ్యాధికారియగు కార్నిషు, అది శరీరపోషణకుఁ జాలదని వాదించెను. వాన లేకుండుట ప్రకృతి వలనఁ గలిగినది. కూలి కొలఁత మనుష్యుఁడు నిర్ణయించినది. ఆ కఱవున ధర లతిశయింపఁగా రాజధానిలోఁ బెక్కుచోట్ల ధాన్యపు దోపిడులు జరిగిన మాట నిజమే. కాని గింజను దాఁచుటయు, దోఁచుటయు నొక్క క్షామమునుండియే పుట్టినవి. అందొకదానినే యధర్మముగా నెంచుట చరిత్రకారునకుఁ దగదు. కఱవునఁ బరీక్షింపఁబడువాఁడు ఆఁకొన్నవాఁ డొక్కఁడే కాఁడు. కొలపాత్ర చేతఁ గలవాఁడును.

ఈ నేలయందే తలుపులపల్లెలో 1946లో జనించి 2015లోఁ గీర్తిశేషుఁడైన డాక్టరు కేశవరెడ్డి, వృత్తిచే వైద్యుఁడు. నిజామాబాదు మండలమునందలి డిచ్‌పల్లి కుష్ఠువైద్యశాలలోఁ జిరకాలము పనిచేసెను. ఆయన నవల ‘అతడు అడవిని జయించాడు’ పందుల కాఁపరియగు నొక వృద్ధుని కథ. అడవిలోఁ దప్పిన చూలిపందిని వెదకుచు వాఁడు రాత్రివేళ నొంటిగాఁ దిరుగును. ఈనిన పందియో, పిల్లలను గాచుకొనుచుఁ బెంచినవానినే దరిఁ జేరనీయదు. ఊర మచ్చికయైన జంతువు వనమునఁ గ్రూరమగుట పరిసరప్రభావమే. అయినను నది దుష్టత్వము కాదు, మాతృత్వము. కాఁపరికిఁ బంది జీవనాధారము. కాని యంత ప్రాణభయమునకు లోనగుట లాభాపేక్ష చేతనే యన్నచోఁ గథ సగమే చదివినట్లగును. తన పోషణమున నున్న ప్రాణిని విడిచిపోరాదను కట్టుబా టతనిని నడపుచున్నది.

విమర్శకులు దీనిని హెమింగ్వే 1952లోఁ బ్రకటించిన వృద్ధజాలరి కథతోఁ బోల్చుట కలదు. పోలిక యుచితమే, భేదమును గమనింపవలెను. జాలరి సముద్రమున మీనమును బట్టఁబోయినవాఁడు. కాఁపరి తన ప్రాణిని దక్కించుకొనఁబోయినవాఁడు. ఒకఁడు వేఁటకాఁడు, ఒకఁడు సంరక్షకుఁడు. వానికై యెదురుచూచు ధర్మములును వేఱు.

భారతమున ఋషిని వారించిన గుడిసెవానికిఁ బేరు లేదు. ఈ నవలలోని కాఁపరికిని బేరు లేదు. ఇరువురును ఊరి వెలుపలివారే. ఆపద్ధర్మమును విచారించు పండితులు రాజులను, ఋషులను మాత్రమే ప్రమాణముగాఁ గొనుట చాలదు. కఱవును, అడవిని ననుదినము నెదుర్కొన్న యిట్టివారి నడవడియును బ్రమాణముగాఁ గొనఁదగినది.